పాదిరిగారి ఎడమకాలు

లోయ్‌స్కా పొద్‌లిప్నిక్‌కి ఊళ్ళో పిల్లలు పెట్టిన పేరు ‘ముట్టుకోకు’. ఎదురుగా ఎవరూ అనరు. రొట్టెల దుకాణం ముందు ఆమె కనబడితే మాత్రం “అదిగో, ముట్టుకోకు వస్తోంది” అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ తెలియనట్టే వెళ్ళిపోతుంది, ఎందుకంటే అది తను కష్టపడి సంపాదించుకున్న పేరు. మా ఊరి తేనెటీగల మ్యూజియంలో పై అంతస్తు గదికి పదకొండేళ్లుగా ఆమే కాపలా. తలుపు పక్కన కుర్చీ, కుర్చీలో తను అల్లుకున్న దిండు, ఒళ్ళో ఊలు ఉంటాయి. చూపు మాత్రం వచ్చినవాళ్ల చేతుల మీద ఉంటుంది. మొహాలు ఆమె చూడదు. పొరుగు దేశపు మంత్రి ఒకాయన వచ్చి వెళ్ళినా, ఆయన ఉంగరం గుర్తుంది గాని మనిషి గుర్తు లేడు.

అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి అల్లిక ఫ్యాక్టరీలో స్వెట్టర్లకు చేతులు కుట్టింది. ఒళ్ళు వేరే ఆవిడ కుట్టేది, మెడ ఇంకొకావిడ కుట్టేది. “నేను జన్మలో ఒక్క స్వెట్టరూ పూర్తిగా కుట్టలేదు గానీ, ఈ దేశంలో సగం మంది చేతులు నా మిషను కిందనుంచే వెళ్ళాయి” అని చెప్పుకుని నవ్వుతుంది. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మరుసటేడు భర్త లుద్విక్ పోయాడు. ఆయన పోయిన పొద్దున, మా వైపు ఆనవాయితీ ప్రకారం, ఆమే పెరట్లోకి వెళ్ళి ఒక్కో తేనెపెట్టె మీద వేలితో తట్టి, యజమాని పోయాడని తేనెటీగలకు చెప్పి వచ్చింది. తర్వాత వాటిని చూసుకునే ఓపిక లేక మరిదికి ఇచ్చేసింది. బొమ్మల పెట్టెలకు కాపలా ఉద్యోగం దొరికింది గదా, అదే పదివేలు అనుకుంది.

గోడల నిండా ఉన్నవి పాత తేనెపెట్టెల ముఖపలకలు. జానెడు కన్నా తక్కువ వెడల్పు, రెండు జానల పొడవు, కింద తేనెటీగలు దూరే సందు. వాటి మీద మా తాతముత్తాతలు దేవుళ్ళ బొమ్మలు వేయించారు, దేవుళ్ళతో విసుగెత్తినప్పుడు ఇరుగుపొరుగు వాళ్లను ఎగతాళి చేయించారు. వేటగాడి శవాన్ని కుందేళ్ళు, ఎలుగుబంట్లు మోసుకుపోతుంటాయి. ముసలి పెళ్ళాలను తిరగలిలో వేస్తే కిందనుంచి పడుచువాళ్ళై దిగుతుంటారు. ఎవరి పెట్టె ఏదో తేనెటీగలకు తెలియడం కోసమే ఈ బొమ్మలు అంటారు. తేనెటీగల సంగతేమో గాని, దారిన పోయేవాళ్లకు మాత్రం బాగా తెలిసేది.

రెండేళ్ల కిందట పొలోనా అనే ఆవిడ డైరెక్టరుగా వచ్చింది. వయసు ముప్ఫై ఐదు ఉంటుంది, సైకిలు మీద వస్తుంది, మెట్లు రెండేసి ఎక్కుతుంది. ఈ ఏప్రిల్‌లో బడిపిల్లల సంస్కృతి దినానికి నాలుగో తరగతిని పిలిచింది. పిల్లలు పలకలు చూడాలి, చూసిన వెంటనే కూర్చుని తమ పలక తామే వేయాలి.

“చూసి చక్కా పోతే ఏం లాభం లోయ్‌స్కా గారూ? కంట్లో ఉన్నది కంట్లో ఉండగానే చేతికి కుంచె ఇవ్వాలి” అంది పొలోనా.

“కుంచె ఇస్తే గోడకే పూస్తారు.”

“మీరుంటారుగా.”

“అదే చెప్తున్నా. నేనా ఒక్కదాన్ని. వాళ్లకా నలభై నాలుగు చేతులు.”

పొలోనా నవ్వి, కొనాల్సిన వాటి చీటీ ఆమె ముందు పెట్టింది. కుంచెలు, రంగులు, ఇరవై రెండు చెక్క పలకలు. ఆ చివరి మాట దగ్గర లోయ్‌స్కా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. పలకలు కొనడమా? తేనెటీగల మ్యూజియంలో కూర్చుని, బజార్లో తేనెపెట్టె పలకలు కొనడమా? మా గొరెన్స్కా ప్రాంతం వాళ్లని మిగతా దేశమంతా పిసినారులని ఆడిపోసుకుంటుంది. మా ఇంట్లో కూర ఉడుకుతుంటే వాసన పక్కింటికి పోకుండా కిటికీ వేసుకుంటామట. అది అబద్ధం. కానీ ఇంట్లో ఉన్న వస్తువును బజార్లో కొనమంటే మాత్రం మాకు ఒంట్లో బాగోదు.

“మెట్ల కింద యెరెబ్ వాళ్ల గోనె ఉందిగా డైరెక్టరమ్మా. అవేం చేసుకుంటాం, పొయ్యిలో పెట్టుకుంటామా?”

నిజమే, ఉంది. కిందటి శరత్కాలంలో యెరెబ్ వాళ్ల తేనెపెట్టెల పాక కూల్చినప్పుడు రెండు గోనెలు మ్యూజియానికి వచ్చాయి. ఒకదాంట్లో తొమ్మిది బొమ్మల పలకలు, అవి గోడెక్కాయి. రెండోదాంట్లోవి పొగచూరి, మైనం పట్టి నల్లగా ఉన్న పలకలు. పొలోనాయే పైపైన చూసి, ‘ఖాళీవి’ అని చీటీ కట్టి మెట్ల కింద పెట్టించింది. అడుగుదామంటే ఇంటి ముసలావిడ అప్పుడు తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది.

పొలోనా సరేనంది. లోయ్‌స్కా గోనెను చిన్న బండి మీద ఇంటికి లాక్కుపోయింది. వేడినీళ్ళలో సోడా కలిపి, ఇరవై రెండు పలకలనూ గట్టి బ్రష్షుతో తోమింది. పొయ్యి చుట్టూ నిలబెట్టి ఆరబెట్టింది. ఆరాక చూస్తే ప్రతిదానికీ ఒక వైపు తేనెటీగలు పూసిన జిగురు ఇంకా అట్టకట్టి ఉంది. మైనం మీద రంగు నిలవదు కదా, ఆ వైపంతా ఉప్పుకాగితం పెట్టి రుద్దింది. రెండో వైపు కూడా రుద్దేదే, మణికట్టు మొరాయించింది. ఒక వైపు చాలు, పిల్లకాయలకి రెండు వైపులా ఎందుకని ఊరుకుంది. పని అయ్యాక పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించి, మెప్పు పొందింది.

పిల్లలు వచ్చిన రోజు గది గదిలా లేదు. మొదటి అరగంట చేతులు వెనక్కి కట్టుకుని చూడాలని లోయ్‌స్కా పెట్టిన షరతు. సైతాను ఒక ఆడమనిషి నాలుకను సానరాయి మీద పెట్టి నూరుతున్న పలక దగ్గర అందరూ గుమిగూడారు.

“మామ్మా, ఈవిడ నాలుక ఎందుకు నూరుతున్నాడు?”

“మొద్దుబారింది గనక.”

“మా అమ్మమ్మది నూరక్కర్లేదు. ఎప్పుడూ పదునే.”

“మీ అమ్మమ్మ నాకు తెలుసులే, నువ్వు చెప్పాలా” అంది లోయ్‌స్కా, మొహం బిగించుకునే. పిల్లలు గొల్లుమన్నారు.

తర్వాత బల్లల మీద పలకలు, రంగులు పడ్డాయి. ఒకడు బస్సు డ్రైవరును కోళ్ళ చేత పాడె మోయించాడు, రోడ్డు మీద ఆయన తొక్కించినవన్నీ అవేనట. ఒక పిల్ల తిరగలి వేసి, పైనుంచి టీచరమ్మను వేసింది. కిందనుంచి బుజ్జి టీచరమ్మ నోట్లో పాలపీకతో దిగుతోంది. “నేనంత ముసలిదాన్నటే?” అని టీచరమ్మ మూతి ముడిచింది గాని, తర్వాత ఫోన్లో ఫొటో తీసుకుంది. లోయ్‌స్కా బల్లల మధ్య తిరుగుతూ నవ్వు వచ్చినప్పుడల్లా దగ్గు నటించింది. ఇన్నేళ్లూ చేతుల కేసి తప్ప చూడని మనిషి, ఆ రోజు చేతులు ఏం చేస్తున్నాయో కూడా చూసింది. బాగానే ఉందే ఇదీ, అనుకుంది.

కిటికీ పక్కన టింకారా అనే పిల్ల ఒక్కతే కూర్చుంది. ముందు పళ్ళ మధ్య సందు, తనే కత్తిరించుకున్నట్టుండే జుట్టు. రంగు ముట్టకుండా పలకను వెలుతురికి ఏటవాలుగా పెట్టి చూస్తోంది.

“లోయ్‌స్కా మామ్మా, నా పలకలో ఎవరో ఉన్నారు.”

“ఎవరుంటారు, నీ తలకాయ ఉంటుంది. వెయ్యి, టైమైపోతోంది.”

“నిజంగా మామ్మా. మోకాళ్ళు కనబడుతున్నాయి.”

“చెక్కలో చారలు అలాగే కనబడతాయే పిల్లా. వెయ్యి, వెయ్యి.”

అవతల ఎవరో నీళ్ల డబ్బా ఒంపేశారు. లోయ్‌స్కా గుడ్డ పట్టుకుని అటు పరుగెత్తింది. గంట కొట్టగానే ఇరవై రెండు పలకలూ వార్తాపత్రికల్లో చుట్టుకుని ఇరవై రెండు ఇళ్ళకు వెళ్ళిపోయాయి.

రెండు వారాల తర్వాత, ఒక గురువారం, మింకా యెరెబ్ వచ్చింది. ఎనభై రెండేళ్ల మనిషి, కొత్త తుంటి, చేతికర్ర. మెట్టు మెట్టుకూ ఆగి, ఊపిరి తీసుకుని, పైకొచ్చి గోడలన్నీ ఒకసారి కలయజూసింది. వాళ్ల తొమ్మిది పలకల దగ్గర ఆగి లెక్క చూసుకుంది.

“ఏమే లోయ్‌స్కా, మా పాదిరిని ఎక్కడ వేలాడదీశారు?”

“ఏ పాదిరి పెద్దమ్మా?”

“మా పాదిరే! చెట్టెక్కినవాడు.”

లోయ్‌స్కా కుర్చీ వేసింది. మింకా కూర్చుని చెప్పుకొచ్చింది. వాళ్ల మామగారి తాత కాలంలో ఊరి పాదిరి ఒకాయన చర్చికి రావాల్సిన తేనె చాలక, తనే వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టాడట. తేనెటీగలు తరిమితే అంగీ మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని బేరిచెట్టు ఎక్కాడట. ఆ వేసవిలోనే ఊళ్ళు తిరిగే బొమ్మలాయన ఒకడు వస్తే, తేనెకుండ ఇచ్చి ఆ ముచ్చట పలక మీద వేయించారు. ఆదివారం పూజలో పాదిరి తాతని పేరుపెట్టి మరీ తిట్టాడు. బొమ్మ చెరపడానికి తాతకు మనసొప్పలేదు. పలకను లోపలివైపుకి తిప్పి పెట్టాడు. అప్పట్నుంచి అది అలాగే ఉండిపోయింది, పాదిరి లోపల తేనెటీగలతో, వట్టి చెక్క బయట జనంతో.

“నేను కాపురానికి వచ్చిన మర్నాడు మా మామగారు పాకలోకి తీసుకెళ్ళి, పలక తిప్పి చూపించాడు. అంతకుముందు నేను కోడల్ని, ఆ తర్వాత ఇంటిమనిషిని. ఇంటిమనిషి కానివాళ్ళకి చూపించేవాళ్లు కాదు” అంది మింకా. “పోయేముందు మామగారు మా ఆయన వింకోతో చెప్పాడు, నీ తర్వాత నీ కొడుకు తిప్పుతాడురా అని. కొడుకు పుట్టలేదు, కూతురూ పుట్టలేదు. వింకో పోయాడు. ఇంక నేనెవరికి తిప్పి చూపించనే? అందుకే మీకిచ్చా. ఊరంతా చూడనీ. గోనెలో ఉంది, జిగురు కిందుంటాడు, జాగ్రత్తగా తీయమని చెప్పేలోపే ఆసుపత్రిలో పడేశారు నన్ను.”

లోయ్‌స్కా తను తోమిన పలకలు తలుచుకుంది. అయినా నోరు దానంతట అదే పలికింది.

“కింద గదిలో ఉంది పెద్దమ్మా. శుభ్రం చేస్తున్నారు.”

“ఎప్పటికవుతుంది?”

“ఆదివారానికి.”

“అయితే ఆదివారం పూజ కాగానే వస్తా” అని మింకా కర్ర అందుకుంది.

ఆవిడ మెట్లన్నీ దిగేదాకా లోయ్‌స్కా నిలబడే ఉంది. తర్వాత కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంది. జిగురు పట్టిన వైపు. ఆ వైపే సోడా పోసి తోమింది. ఆ వైపే ఉప్పుకాగితం పెట్టి పొడి రాలేదాకా రుద్దింది. మోకాళ్ళు కనబడుతున్నాయని పిల్ల మొత్తుకుంటే చారలని కసిరింది, పైగా వెయ్యి వెయ్యి అని తొందరపెట్టింది. పదకొండేళ్లు ఊళ్ళో అందరి చేతులకూ కాపలా కాసింది, తన చేతులకు మాత్రం కాయలేకపోయింది. బిడ్డల్లేని ముసలిదాని ఇంట్లో మిగిలిన ఒక్క ముచ్చటా తన వంటింట్లో పొడైపోయింది. ఆ పైన అబద్ధం ఒకటి. మధ్యాహ్న భోజనానికి తెచ్చుకున్న సూపు డబ్బా మూత కూడా తీయలేదు.

పొలోనాకి చెబుదామని రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. చెబితే పొలోనా తన చీటీదే తప్పంటుంది, మ్యూజియం కమిటీలో పెద్దమనుషులు పిల్లల చేతికి రంగులొద్దని మేం ముందే చెప్పాం కదా అంటారు, పిల్లలకు కుంచె ఇవ్వడం అంతటితో సరి. ముందు పలక సంగతేమిటో కళ్ళారా చూడాలి, ఆ తర్వాత ఎవరి కాళ్ళ మీద పడాలో పడొచ్చు. టీచరమ్మను అడిగితే, టింకారా పై ఊళ్ళో తాత దగ్గర ఉంటుందని తెలిసింది.

శుక్రవారం సాయంత్రం బస్సెక్కింది. ఆ తాత పేరు లోవ్రో. బస్సు దిగేసరికి గేటు దగ్గరే ఉన్నాడు, మ్యూజియం నుంచి మనిషి వచ్చిందని ఇంత మొహం చేసుకున్నాడు.

“రండి, రండి. మా పిల్లకి బహుమతి గానీ వచ్చిందా ఏంటి?”

“పలక ఏదండీ?”

“ఎక్కడుంటుంది, ఉండాల్సిన చోటే ఉంది. మూడో పెట్టెకి కొట్టేశా.”

“కొట్టేశారా? మేకులతోనా?”

“మరి ఉమ్ముతో అంటించమంటారా?”

ఇంటి వెనక బేరిచెట్లు విరగబూసి ఉన్నాయి. తేనెపెట్టెల పాక కొత్త చూరు కింద నాలుగు వరసలు, పెట్టె పెట్టెకూ ఒక రంగు. మూడో పెట్టె మీద టింకారా పలక ఉంది. చుక్క ఖాళీ లేకుండా రంగు నింపింది. బోర్లించిన పుస్తకాల్లా ఇళ్ళ కప్పులు, వాటి మధ్య ఒక కోడి, కోడి కన్నా చిన్న చర్చి. ముగ్గురు ఆడవాళ్ళు తలలు వెనక్కి వాల్చి పైకి చూస్తూ నోళ్ళు ఇంతింత తెరిచి నవ్వుతున్నారు. రంగు ఎంత మందంగా ఉందంటే చెక్క అన్నది ఎక్కడా కనబడడం లేదు.

లోయ్‌స్కా కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడింది. చేతిసంచి గడ్డిలో పడినా తీసుకోలేదు. ఎప్పుడు వచ్చిందో టింకారా పక్కన నిలబడి ఉంది.

“బాలేదా మామ్మా?”

“బాగుంది తల్లీ. బాగుంది, అదే నా ఏడుపు” అంటూ నిజంగానే ఏడ్చేసింది. లోవ్రో కంగారుపడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పింది, మింకా చెప్పిన పాదిరి కథ, గోనె, సోడా, ఉప్పుకాగితం. “పలకలో ఎవరో ఉన్నారని నువ్వు చెప్తే నేను విన్లా. ఆయనే ఉన్నాడమ్మా ఈ రంగు కింద.”

“కింద లేడు మామ్మా” అంది టింకారా.

“ఏంటీ?”

“వెనకాల ఉన్నాడు. మీరు వెయ్యమన్నారు గానీ, మనిషి ఉంటే మనిషి మీద ఎలా వేస్తాను? అందుకే పలక తిప్పేశా.” ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు చూసింది పిల్ల. “ఆయన చెట్టెక్కి ఉన్నాడు కదా. పైనుంచి ఆయనకి ఏం కనబడుతుందో అది వేశా.”

లోయ్‌స్కా మొద్దు మీంచి లేచింది. లోవ్రో పలక కేసి, మనవరాలి కేసి చూసి, పటకారు తేవడానికి వెళ్ళాడు. పొగడబ్బాలో గడ్డి అంటించి పెట్టె ముందు రెండుసార్లు ఊదాడు.

“తొందరపడకండి, తొందరంటే వీటికి గిట్టదు” అన్నాడు.

“నాకు మాత్రం గిట్టిందా ఇప్పుడు! కానివ్వండి, మెల్లిగానే కానివ్వండి.”

మేకు పైకి వస్తున్నప్పుడల్లా చెక్క కీచుమంది. అలా కీచుమన్నప్పుడల్లా లోయ్‌స్కా కళ్ళు మూసుకుంది. నాలుగో మేకు ఊడాక లోవ్రో పలకను రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి తెచ్చి తిప్పాడు.

పాదిరి ఉన్నాడు. చిక్కటి టీలోంచి చూసినట్టు గోధుమరంగులో ఉన్నాడు గాని, నిక్షేపంగా ఉన్నాడు. బేరిచెట్టును కావిలించుకుని, అంగీ మోకాళ్ళ పైకి పోగుచేసుకుని, బుగ్గలుబ్బించి, ఒక కన్ను వెనక్కి తిప్పి చూస్తున్నాడు. వెంట పసుపు చుక్కల్లా తేనెటీగలు. మూలల్లో పాతకాలపు మేకుల కన్నాలే ఉంటే, లోవ్రో వాటిలోనే కొట్టాడు. కుడికాలికి బొత్తాముల బూటు ఉంది. ఎడమకాలు మాత్రం పిక్క దగ్గర ఆగిపోయింది. ఆ కింద తెల్లటి వట్టి చెక్క, దాని మీద ఉప్పుకాగితం గీతలు.

లోయ్‌స్కాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు, బహుశా రెండూ కావచ్చు. లోవ్రో బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“జిగురు కాపాడిందండీ. ఇంత మందాన పూశాయి, మీరు రుద్దిందంతా దాన్నే. కాలి దగ్గర పల్చగా ఉన్నట్టుంది. ఇంకాస్త రుద్దుంటే మనిషే ఉండేవాడు కాదు.”

“ఇంకాస్త రుద్దేదాన్నే! మణికట్టు నొప్పెట్టింది. పాడు మణికట్టని ఆ రోజంతా తిట్టుకున్నా” అని లోయ్‌స్కా ఆ మణికట్టును రెండో చేత్తో నిమిరింది. లోవ్రో ఇంట్లోంచి బేరిసారా తెచ్చి చిన్న గ్లాసులో పోస్తే, ఒద్దంటూనే తాగింది.

టింకారా ఇంకా పలక చివర పట్టుకునే ఉంది.

“తీసుకెళ్తారా?”

“తీసుకెళ్ళాలి తల్లీ. ఆయన మింకా పెద్దమ్మ వాళ్ల మనిషి.”

“మరి నా వైపు చెరిపేస్తారా?”

“ఎవరే చెరిపేది? నేనక్కడ కూర్చుని ఉండగా ముట్టుకోనిస్తానా?”

శనివారం పొద్దున్నే పలకను పొలోనా బల్ల మీద పెట్టి, గోనె నుంచి బేరిసారా దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. పొలోనా మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది, చివరికి పలకను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి చూసి బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఖాళీవని చీటీ కట్టింది తనే కదా అంది. రాజధానిలో పాత బొమ్మలు బాగుచేసే ఆవిడకు ఫోన్ చేసింది. రెండు వైపులూ అలాగే ఉంచండి, ఇంక ఎవరూ ఏమీ శుభ్రం చేయకండి అని ఆవిడ చెప్పింది. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పిందట. పలకను గోడకు పెడితే ఒక వైపే కనబడుతుంది. అందుకని పై గది మధ్యలో బల్ల వేసి, రెండు చెక్క కాళ్ళ మధ్య గాడిలో నిలబెట్టారు.

ఆదివారం పూజ గంటలు ఆగిన కాసేపటికి మెట్ల మీద కర్ర చప్పుడు వినబడింది. మింకా నల్లకోటు వేసుకుని వచ్చింది. లోయ్‌స్కా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“పెద్దమ్మా, నీకు అబద్ధం చెప్పాను. శుభ్రం చేసేవాళ్లెవరూ లేరు. ఖాళీ పలకనుకుని నేనే సోడాతో తోమాను. ఉప్పుకాగితంతో రుద్దాను. పిల్లలకి బొమ్మలు వేసుకోమని ఇచ్చేశాను. తిట్టాలనుంటే ముందు తిట్టు, తర్వాత చూద్దువు గాని.”

మింకా బల్ల దగ్గరకు నడిచింది. వంగింది. కళ్ళజోడు పైకి జరిపింది. చాలాసేపు చూసింది.

“ఎడమకాలు ఏదే?”

“నేనే అరగదీశా.”

ముసలావిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లోయ్‌స్కా ఆవిణ్ణి పట్టుకోబోయింది. ఏడుపు కాదు, నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వింది.

“మా తేనెటీగలు ఇన్నేళ్లు తరిమీ పట్టుకోలేని కాలు, నువ్వు పట్టుకున్నావటే!”

నవ్వు తగ్గాక కర్ర తాటించుకుంటూ బల్ల అవతలికి వెళ్ళింది. అక్కడ కప్పులు, కోడి, ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. ఆ వైపు ఇంకా ఎక్కువసేపు నిలబడింది.

“ఇదెవరు వేశారు?”

“టింకారా అని, నాలుగో తరగతి పిల్ల. పాదిరి మీద వెయ్యనని, పలక తిప్పి వేసింది. చెట్టు మీంచి ఆయనకి కనబడేదట.”

“తనే తిప్పిందా?”

“తనే తిప్పింది.”

“అరవై ఏళ్లు ఆ మనిషిని చూసి నవ్వాను. ఆయన ఏం చూస్తున్నాడో ఒక్కసారీ అనుకోలేదు” అంది మింకా, నెమ్మదిగా. తర్వాత, “ఆ పిల్లని ఒకసారి మా ఇంటికి తీసుకురా. తేనెరొట్టెలు చేస్తా” అంది.

ఆవిడను దిగబెట్టి వచ్చేసరికి పొలోనా కింద గదిలో కార్డు రాస్తోంది. మ్యూజియంలో ప్రతి వస్తువుకూ ఒక కార్డు ఉంటుంది. బొమ్మ: చెట్టెక్కిన పాదిరి. ఇచ్చినవారు: మింకా యెరెబ్. ఒక వైపు వేసినవారు: తెలియదు. రెండో వైపు వేసినవారు: టింకారా, నాలుగో తరగతి. లోపాలు: ఎడమకాలు పిక్క నుంచి కింద లేదు. ‘కారణం’ అన్నచోట పొలోనా కలం ఆపి, ‘శుభ్రం చేసేటప్పుడు’ అని రాసింది.

“ఎవరు శుభ్రం చేసేటప్పుడు?” అంది లోయ్‌స్కా, భుజం మీంచి చూస్తూ.

“అంతవరకు చాలు లోయ్‌స్కా గారూ. పేర్లు ఎందుకు? రేపు కమిటీ వాళ్లు చదువుతారు.”

“చదవనివ్వండి. వందేళ్ల తర్వాత ఎవడో వచ్చి ఆ కాలేమైందని తల బద్దలు కొట్టుకోవాలా? ఆ పిల్ల చేసింది పేరుతో రాశారు, నేను చేసింది నా పేరుతో రాయండి. ఉప్పుకాగితం అని కూడా రాయండి.”

పొలోనా ఆమె మొహం కేసి చూసి, ఇంక వాదించలేదు. ‘లోయ్‌స్కా పొద్‌లిప్నిక్, గది కాపలాదారు, ఉప్పుకాగితంతో’ అని రాసి, చదువుకోమని కార్డు ఇచ్చింది. లోయ్‌స్కా రెండుసార్లు చదివింది. సరిగ్గానే ఉందని చెప్పి, పైకి వెళ్ళి ఆ రోజు తెచ్చుకున్న డబ్బా మూత తీసి, సూపు చుక్క మిగలకుండా తాగేసింది.